అక్క అని పిలిచినందుకు

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిసిన తర్వాత. లకూ ళకూ తేడా చెవికి తెలుస్తుంది గాని చేతికి ఇంకా సరిగా తెలియదు. ఒత్తులు అప్పుడప్పుడు జారిపోతాయి. రాయడం కూడా నెమ్మదే. ఒక మాట రాసి, దాని మొహం చూసి, బాగుందనిపిస్తేనే రెండో మాటకు పోతాను. కథ మాత్రం కూలి దగ్గర, బస్టాండు దగ్గర నోటితో ఎన్నోసార్లు చెప్పినదే.

సుజాత పుట్టింది గోదావరికి అవతల, కాళేశ్వరం దగ్గరి పల్లెలో. మెట్టింది ఇవతల, మరాఠీ రాష్ట్రంలోని సిరోంచలో. మన దిక్కు పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి నది ఎప్పుడూ అడ్డం రాలేదు. మొగుడి పేరు సంజీవ్. అతని తాతలు ఒకరి చేలల్లో మిరపకాయలు ఏరి బతికినవాళ్ళు. సంజీవ్ మరాఠీ బడిలో చదువుకుని, గడ్చిరోలిలో బోరు మోటార్లు అమ్మే దుకాణంలో పనికి కుదిరాడు. పెళ్ళైన ఎండాకాలం దాటకముందే ఇద్దరూ రెండు సంచులు, ఒక గ్యాసుపొయ్యి, ఒక చాప పట్టుకొని బస్సెక్కారు. పొద్దున ఎక్కినవాళ్ళు ఆలాపల్లి అడవి దాటి, చామోర్షి దాటి, దీపాలు పెట్టే వేళకు దిగారు.

అది సుజాత చూసిన మొదటి పట్నం. దుకాణాల మీద రాతలు చదవరావు. వీధిలో మాటలు అర్థం కావు. అద్దెకు దొరికింది ఒక గది. ఒకే వాకిలి, దాని చుట్టూ మూడు గదులు, మధ్యలో ఒక నల్లా. ఒక గదికి ఎప్పుడూ తాళమే. ఇంకో గదిలో ప్రణాలి, ఆమె మొగుడు విలాస్ ఉండేవాళ్ళు. విలాస్ బస్సు డ్రైవరు. ఒకరోజు ఏటపల్లి, ఒకరోజు ముల్చేర, ఇంట్లో ఉన్నది తక్కువ. ప్రణాలి ఇంటి దగ్గర జాకెట్లు కుట్టేది. మనిషి చురుకు. సూదికన్నా నోరు ముందు నడిచేది.

దిగిన సాయంత్రమే నీళ్ళు కావాల్సి వచ్చాయి. సుజాతకు మరాఠీలో నీళ్ళను ఏమంటారో కూడా తెలియదు. ఖాళీ బిందె ఎత్తి చూపించి, "అక్కా" అంది.

ప్రణాలి నవ్వింది. అక్క అంటే మా దగ్గర కూడా అక్కే అని సైగలతో చెప్పింది. బిందె తనే నింపింది. తర్వాత సంజీవ్ వైపు తిరిగి మరాఠీలో ఏదో అంది. సంజీవ్ తల గోక్కుంటూ పెళ్ళానికి అర్థం చెప్పాడు: "నువ్వు ఆమెకు చెల్లె అయినవట. నేను దాజీ అయిననట. అంటే మన మరిది లెక్క."

అట్లా ఒక్క బిందె నీళ్ళకు చుట్టరికం కలిసింది. సుజాతకు ఆ రాత్రి ధైర్యంగా నిద్ర పట్టింది కూడా.

ఇప్పుడు సంజీవ్ సంగతి చెప్పాలి. సిరోంచలో అత్త ఆగమ్మ, మామ పోశయ్య ఉన్న ఇంట్లో అతను పెళ్ళాంతో నవ్వి ఎరగడు. పెళ్ళాంతో ఇకిలించేవాడికి ఇంట్లో మర్యాద ఉండదని పోశయ్య మాట. నీళ్ళు కావాలంటే గ్లాసు వైపు చూసేవాడు. అన్నం బాగుంటే ఇంకోసారి పెట్టించుకునేవాడు. ఇతని స్వభావమే ఇంత అని సుజాత సరిపెట్టుకుంది. గడ్చిరోలికి వచ్చాక ఆ గదిలో పెద్దలు ఎవరూ లేరు, అయినా అలవాటు మాత్రం వాళ్ళతోపాటే బస్సెక్కి వచ్చింది.

వారం గడవకముందే ఒక సాయంత్రం సుజాత పప్పు కడుగుతుంటే నల్లా దగ్గర ఎవరో పెద్దగా నవ్వారు. ఎవరా అని తొంగి చూస్తే తన మొగుడు. తల వెనక్కి వేసి, కడుపు పట్టుకొని నవ్వుతున్నాడు. దవడ పక్కన ఒక పన్ను వంకరగా ఉందని ఆమె అప్పుడే చూసింది. పెళ్ళాడిన మనిషి పన్ను పరాయి ఆడదాని నవ్వుల్లో కనబడాలా అని పప్పులోకి చూస్తూ కూర్చుంది. పప్పు కడిగిందే కడిగింది.

అది మొదలు. రోజూ దుకాణం నుంచి వచ్చి, బండి పెట్టి, నల్లా దగ్గర ఆగేవాడు. ప్రణాలి ఒకటి అనేది, ఇతను రెండు అనేవాడు. చేతులు ఊపుతూ, కళ్ళు తిప్పుతూ చెప్పేవాడు. నవ్వులు అయిపోయాక గదిలోకి వచ్చి, "అన్నం అయిందా" అనేవాడు. అంతే.

సుజాత చెవులు రిక్కించింది. ఒక్కో మాట దాచుకుంటూ, కూరలవాడి దగ్గర ఒకటి, కిరాణంలో ఒకటి సరిచూసుకుంటూ మరాఠీ నేర్చుకుంది. ఎవరికీ చెప్పలేదు. వాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో ఒక్కసారి తెలిస్తే చాలు, అప్పుడు అడుగుదాం అనుకుంది. తెలిసిన రోజు ఇంకా కష్టమైంది. వాళ్ళు మాట్లాడుకుంటున్నది పుచ్చు వంకాయల గురించి. పుచ్చు లేదని ఒట్టు వేసి అమ్మిన ముసలాయన గొంతును సంజీవ్ అనుకరిస్తున్నాడు, ప్రణాలి కొంగు నోట్లో కుక్కుకుంటోంది. సరసమైతే జుట్టు పట్టుకొని అడగొచ్చు. పుచ్చు వంకాయకు ఏమని అడుగుతారు? ఆ ముసలాయన దగ్గర ఆ వంకాయలు కొన్నది సుజాతే. ఆ ముచ్చట ఇంట్లో చెప్పినప్పుడు సంజీవ్ "ఊ" అన్నాడు.

ఆ మనిషి నవ్వు తనకు కావాలి. ఆమె కోరుకున్నది అంతే. చీర కాదు, నగ కాదు. తన ముందర అట్లా తల వెనక్కి వేసి నవ్వాలి.

వానలు ముదిరాయి. ఒకరోజు ప్రణాలి గుమ్మంలో నిలబడి, దాజీ రేపు ఏటపల్లి పోతున్నారట కదా, గొడుగు పెట్టు అని సగం సైగలతో అంది. సుజాతకు ఏటపల్లి సంగతే తెలియదు.

అన్నం దగ్గర అడిగింది. "ఏటపల్లికి పోతున్నవట."

"ఆ. ఒకల బోర్ల మోటరు దింపాలె."

"నాకు జెప్పలే."

"ఇప్పుడు చెప్తనే ఉన్న గద."

"ఆమెకు ముందు జెప్పినవ్."

"పోయేది విలాసన్న బస్సే గదనే. ఎన్ని గంటలకు ఎల్తదని అడిగిన." కంచంలోకి చూస్తూ అన్నాడు. "జర చారు పొయ్యి."

జవాబు సరిగానే ఉంది. అదే ఆమెను కాల్చింది. మర్నాడు అతను బస్సెక్కగానే సంచి సర్దుకొని వెంకటవ్వ దగ్గరికి నడిచింది. వెంకటవ్వ సిరోంచ మనిషే, వెనక సందులో ఉండి పిల్లల హాస్టల్లో వంట చేసేది. చాటలో బియ్యం చెరుగుతోంది.

"అవ్వా, నేను ఊరికి పోత."

"పో. ఆలాపల్లి అవతల వాగు రోడ్డు మీదికెళ్లి పోతాందట. ఈదుకుంట పోతవా?"

సుజాత గోడకు ఆనుకొని కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పింది: నల్లా, నవ్వు, పన్ను, వంకాయలు.

వెంకటవ్వ రాళ్ళు ఏరుతూనే విన్నది. "ఆమెను ఏమని పిలుస్తవే?"

"అక్క అంట."

వెంకటవ్వ చాట కింద పెట్టింది. "నీకు అక్కయితే వానికి ఏమైతది?"

సుజాత వేళ్ళ మీద వరుసలు లెక్క పెట్టబోయింది, అవ్వ ఆగలేదు.

"వదినె అయితది. వదినెతోని పరాచికాలు ఆడక పురాణం చెప్తడా వాడు? మీ ఆయనకు తోవ ఏసిచ్చిందే నువ్వు. ఇప్పుడు నడిచిండని ఏడుస్తున్నవ్."

"ఆమె మరాఠామె గదనే. మన వరుసలు ఆమెకేం ఎరుక?"

"ఆమెకు లేకుంటె ఏంది, వానికి ఎరుకే గద. మన పోరడే గద."

సుజాత కళ్ళు తుడుచుకుంది. ఊరిలో అయితే ఎవరిని ఏమని పిలవాలో పుట్టినప్పుడే రాసిపెట్టి ఉంటుంది. పట్నంలో తనే పిలవాల్సి వచ్చింది, తప్పు పిలిచింది.

"ఇప్పుడెట్ల మరి?"

"రాఖీ పున్నం వస్తాంది. ఆమెతోని వానికి కట్టియ్యి. అక్కతోని ఎవడు ఇకిలిస్తడు?" అని చాట మళ్ళీ ఎత్తుకుంటూ, "కని బిడ్డా, ఆడబిడ్డను కోరి తెచ్చుకుంటున్నవ్. చూసుకో మరి" అంది.

చివరి మాట సుజాత వినిపించుకోలేదు. అప్పటికే లేచింది.

పున్నమికి బజారులో అన్నిటికన్నా లావు రాఖీ ఏరి కొన్నది. ఎర్ర దారం, మధ్యలో పూసలు. దాన్ని ప్రణాలి చేతిలో పెట్టి, మా ఆయనకు కట్టు, ఆయనకు అక్క లేదు అని సైగలతో చెప్పింది. ప్రణాలికి చంద్రపూర్‌లో ఇద్దరు అన్నలున్నారు, వాళ్ళ రాఖీలు ముందే పంపేసింది. ఈ రాఖీని వేళ్ళ మధ్య తిప్పుతూ సుజాత మొహంలోకి కొంచెం ఎక్కువసేపే చూసింది. ఆడదాని కడుపులో మాట ఇంకో ఆడదానికి భాష లేకుండా కూడా తెలుస్తుంది. అయినా తల ఊపింది. లోపలికి పోయి కొత్త చీర కట్టుకొని, పళ్ళెంలో దీపం పెట్టుకొని వచ్చింది.

సుజాత ఆ పళ్ళెం చూడలేదు. మొగుడి మొహమే చూసింది. బొట్టు పెట్టినప్పుడు నవ్వుతున్నాడు. దారం ముడి పడేటప్పుడు ఆ నవ్వు, వత్తి తగ్గించిన దీపంలాగా, కొంచెం తగ్గింది. గెలిచానని ఆమెకు సంతోషమైంది. తగ్గాల్సినంత ఏమున్నదని మంట కూడా పుట్టింది. రెండూ ఒకేసారి.

సంజీవ్ మన పోరడే అని వెంకటవ్వ ఊరికే అనలేదు. మర్నాటి నుంచి ప్రణాలిని "తాయీ" అన్నాడు, అంటే అక్కా అని. నల్లా దగ్గర ఆమె ఉంటే ఒక పక్కకు నిలబడి, ఆమె బిందె అయ్యేదాకా ఆగి, తర్వాత తన బిందె పెట్టేవాడు. పరాచికం లేదు, గొంతు మార్చడం లేదు. అయితే అక్కడ ఆగిపోయిన నవ్వు సుజాత ఇంటికి రాలేదు. గదిలో అదే "ఊ", అదే "అన్నం అయిందా".

ప్రణాలి మాత్రం చుట్టరికాన్ని నిండుగా పట్టుకుంది. ఇదివరకు గుమ్మం బయట నిలబడి పిలిచేది, ఇప్పుడు నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చేది. గిన్నె మూత ఎత్తి, "వహినీ, ఉప్పు తక్కువ" అనేది. వహినీ అంటే తమ్ముడి పెళ్ళాం. పెద్దాడబిడ్డ హోదాలో ఆమె మూతులు విరవడానికీ మూతలు ఎత్తడానికీ ఎవరి అనుమతీ అక్కరలేదు. సంజీవ్ జీతం రాగానే ఆమెకు ఆకుపచ్చ చీర తెచ్చాడు.

"పెండ్లయినంక నాకు ఒక్క చీర తెచ్చినవా?" సుజాత అడిగింది.

"రాఖీ కట్టిన అక్కకు పెట్టకుంటె బాగుంటదా? కట్టిచ్చింది నువ్వే గద."

అంతకుముందైతే తప్పు చేస్తున్నాడని వెంకటవ్వతోనైనా చెప్పుకుని ఏడ్చేది. ఇప్పుడు అతను చేసేదంతా మర్యాద. మర్యాద మీద ఎవరికి ఫిర్యాదు చేస్తారు? ప్రణాలి ఆ చీర కట్టుకొని వాకిలి ఊడుస్తుంటే కుచ్చిళ్ళు ఆడినప్పుడల్లా సుజాతకు కళ్ళల్లో కారం పడ్డట్టు ఉండేది.

ఒక ఆదివారం సాయంత్రం వాన తెరిపి ఇచ్చింది. సుజాత గుమ్మంలో కూర్చుని పుంటికూర తుంచుతోంది. సంజీవ్ లోపల విరిగిన ఫ్యాను విప్పుకుంటున్నాడు. ప్రణాలి ఆకుపచ్చ చీరలోనే వచ్చింది, గిన్నెలోకి తొంగి చూసింది, లోపలికి వినబడేటట్టు మరాఠీలో అంది: "పాపం, నా తమ్ముడు నీ చేతి తిండికి చిక్కిపోయాడు. మాట్లాడే ఓపిక కూడా లేదు."

సుజాత కాడలు తుంచడం ఆపలేదు. మూడు నెలలుగా దాచుకున్న మరాఠీ ముక్కలన్నీ ఒక్కచోటికి వచ్చాయి. వంకర మరాఠీ, కాని మాట తిన్నగా పోయింది.

"చిక్కలేదు తాయీ. నీ తమ్ముడు ఇంట్లోకి వచ్చేముందు చెప్పులతో పాటు నోరు కూడా బయటే విడిచి వస్తాడు. వాకిలి ఊడ్చేది నువ్వే కదా. దొరికిన నోళ్ళన్నీ ఏం చేస్తున్నావు, అమ్ముకుంటున్నావా?"

ప్రణాలి గిన్నె మీది నుంచి తల ఎత్తి సుజాతను చూసింది. ఈ పిల్లకు అర్థం కాదనుకొని ఇన్నాళ్ళూ ఆమె ముందు ఏమేం మాట్లాడిందో గుర్తు చేసుకుంటున్నట్టుంది. మన పెళ్ళిళ్ళలో ఆడబిడ్డను మరదలు, మరదలిని ఆడబిడ్డ ఎంత మాటైనా అనొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఆ హక్కు తనకూ వచ్చిందని సుజాతకు ఆ మాట అన్నాకే తట్టింది.

లోపల ఫ్యాను రెక్క కింద పడ్డ చప్పుడైంది. వెంటనే నవ్వు. ఆ నవ్వే. సంజీవ్ కడుపు పట్టుకొని గుమ్మంలోకి వచ్చాడు, కళ్ళల్లో నీళ్ళు, వంకర పన్ను కనబడుతోంది.

"ఏమన్నవే? నీకు మరాఠీ ఎప్పుడొచ్చింది? మళ్లొకసారి అను."

ప్రణాలి కూడా నవ్వుతూ పీట జరుపుకొని కూర్చోబోయింది, రెండోసారి వినడానికి.

సుజాత ఒళ్ళో ఆకులు దులుపుకొని లేచింది. "ఈడ గాదు. లోపటికి రా, చెప్త."

"ఈడ్నే అను, తాయీ గూడ ఇంటది."

"లోపటికి రా అంటాన."

అతను నవ్వుతూనే వెనక వచ్చాడు. ఆమె తలుపు వేసి గడియ పెట్టింది. బయట ప్రణాలి "వహినీ, నాకు చెప్పవా?" అంటూ తలుపు తట్టింది. అతనికి నవ్వు ఇంకా ఆగడం లేదు. ఆ చప్పుడు తలుపు సందుల్లోంచి వాకిట్లోకి పోతుందేమోనని సుజాత అతని నోటి మీద అరచెయ్యి గట్టిగా నొక్కిపెట్టింది.

కనకవ్వ
అరవై మూడేళ్ళు
ఇప్పుడు ఉండేది ముల్చేరలో, కూతురి దగ్గర