మావాళ్ళలాంటివాణ్ణి కాను

పరాయి దేశంలో అద్దె ఇల్లు దొరకడమంటే మాటలు కాదు, పడ్డవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే మనవాడు భార్యను వెంటబెట్టుకుని కాళ్ళరిగేలా తిరిగి, చివరికి ఆ మేడ మెట్లెక్కాడు. ఇంటావిడ ఒంటరి ముసలామె. కింద తానుంటూ, పైన రెండు వాటాలు అద్దెకిస్తుంది. గాలీ వెలుతురూ ఉన్న గదులు. కుళాయి తిప్పగానే నీళ్ళు ధారగా పడేసరికి భార్య ముఖం వెలిగిపోయింది.

"మీ దేశంవాళ్ళకి ఇవ్వాలంటేనే భయం బాబూ. ఇద్దరమని చెప్పి పదిమంది దిగుతారటగా?" అంది ఇంటావిడ.

మనవాడు నోరు జారాడు. జారడమేమిటి, తెలిసే అన్నాడు!

"మావాళ్ళ సంగతి నాకు తెలీదాండీ! గోడలు పాడుచేస్తారు, అద్దె ఎగ్గొట్టి చెక్కేస్తారు. నేను అలాంటివాణ్ణి కాను. వాళ్ళతో నాకసలు రాకపోకలే లేవు."

ఆవిడ మెత్తబడింది. అడ్వాన్సు కూడా తగ్గించింది.

"ఎవరండీ అలా చెక్కేసింది?" అని భార్య దారిలో అడిగింది.

"ఎవరో ఒకరుండరూ! బేరమన్నాక నాలుగు మాటలంటాం. పనయిందా లేదా?"

రాకపోకలు లేవన్నాడే, ఈ దేశంలో దిగిన కొత్తలో అతనికి తన గదిలో చోటిచ్చి, కంచంలో అన్నం పెట్టింది ఒక వెల్డర్. ఆ వెల్డర్ ఇప్పుడు నెలలు నిండిన భార్యతో వర్క్‌షాపు వెనక రేకుల గదిలో ఉంటున్నాడు. నీళ్ళు కావాలంటే వీధి చివరినుంచి మోసుకోవాలి. అందుకే పక్క వాటా ఖాళీ కాగానే, తమని చూశాక ఇంటావిడ భయం పోయుంటుందని మనవాడి భార్య సంబరంగా వాళ్ళకి కబురు పెట్టింది. మనవాడు వద్దనలేక, ఇంటావిడతో తానన్న మాటలు వెల్డర్‌కి చెప్పలేక మింగలేక కక్కలేక ఊరుకున్నాడు.

వెల్డర్ వచ్చి తలుపు తట్టాడు.

"మీవాళ్ళకి ఇవ్వను నాయనా," అంది ఇంటావిడ. "మీ సంగతంతా పైనున్నాయనే చెప్పాడు. కావాలంటే అడుగు."

మనవాడు పైన మెట్ల దగ్గర నిలబడి అంతా వింటున్నాడు. వెల్డర్ తలెత్తి చూశాడు. తిడితే బావుండేది!

"సరేలే తమ్ముడూ, ఇంకోచోట చూసుకుంటాం," అని వెళ్ళిపోయాడు.

మనవాడు పరుగున దిగి ఇంటావిడ ముందు చేతులు జోడించాడు. "అమ్మా, నేను చెప్పిందంతా అబద్ధం. ఆయన నాకు అన్నం పెట్టినవాడు. ఆ వాటా ఆయనకివ్వండి."

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేదా? ఏది నమ్మమంటావు? నువ్వు వేరనుకున్నాను. నువ్వూ వాళ్ళలో ఒకడివేనన్నమాట!" అని ఆవిడ తలుపు వేసుకుంది.

సిగ్గుతో చచ్చినంత పనయింది. పైకొచ్చి మంచంమీద కూలబడ్డాడు.

"ఆవిడకి మనవాళ్ళమీద ఉన్నది అనుమానమేనండీ," అంది భార్య, కళ్ళు తుడుచుకుంటూ. "దానికి సాక్ష్యం చెప్పింది మీరు. పరాయివాళ్ళ మెప్పుకోసం సొంతవాళ్ళమీద వేసిన నింద ముందు వాళ్ళని వీధిలో నిలబెడుతుంది, తర్వాత మననీ వదలదు."