కుంటలో మళ్లీ కదలిక

పరకాల దగ్గరి ఆ ఊరి కుంటకు స్నేహలత ఏడాదిగా వస్తోంది. హన్మకొండలో పరిశోధన చేస్తున్న ఆమె చదువంతా చేప పిల్లలు తినే, కంటికి ఆనీ ఆనని నీటి పురుగుల గురించి. ఎండాకాలంలో కుంట నీళ్లు తగ్గి చిక్కబడినప్పుడు అవి కుప్పలుగా ఉండేవి. ముసురు పట్టి కుంట నిండి, నీళ్లు పొర్లి మత్తడి దూకాక వచ్చి చూస్తే, ఆమె సన్నని వలలో బురద తప్ప ఏమీ పడలేదు.

అప్పుడే మత్స్య సంఘం పెద్ద సుదర్శన్ కుంటలో వదిలే చేప పిల్లలను తేవడానికి వ్యాను మాట్లాడుతున్నాడు.

"అన్నా, జర ఆగుండ్రి. పిల్లలకు తినెటందుకు నీళ్లల్ల ఏం లేదు. ఇప్పుడు ఇడిస్తే ఆకలికి సస్తయ్."

"కుంట నిండ నీళ్లున్నయ్ గదమ్మా!"

"పురుగులు వరదకు కొట్టుకపోయినయ్. వాటి గుడ్లు అడుగు మన్నుల ఉంటయ్. నీళ్లు తేరినంక పొదుగుతయ్."

"ఎన్నడు?"

"ఖాయంగ చెప్పలేనన్నా."

సుదర్శన్ ముఖం చిట్లించాడు. పక్క ఊళ్లవాళ్లు అప్పటికే తమ కుంటల్లో పిల్లలను వదిలేశారు. అంతలో అతని తల్లి చిలుకమ్మ కల్పించుకుంది. "పోయినేడు వానలు పడంగనే ఇడిసినం. ఒడ్డంత సచ్చిన పిల్లలే తేలినయ్. ఈపాలి ఆగుదాం బిడ్డా."

ఆగారు. స్నేహలతకు మాత్రం భయం పట్టుకుంది. పత్తి చేలల్లో కొట్టిన మందు కుంటలోకి దిగి ఉంటే? గుడ్లు కూడా చచ్చిపోయి ఉంటే? కుంట అడుగు మన్ను కొంత తెచ్చి, హాస్టల్ కిటికీలో గాజు తొట్టిలో మంచినీళ్లు పోసి కలిపింది. రోజూ లేవగానే చూసేది. మన్ను పేరుకుంది, నీళ్లు తేటపడ్డాయి, కదలిక లేదు.

సుదర్శన్ ఫోన్ చేశాడు. "సంఘపోళ్లు నన్ను నిలదీస్తాన్రు చెల్లె. ఏం చెప్పాలె?"

"ఇంక జర చూద్దామన్నా," అంది.

ఒక ఉదయం తొట్టిలో ఆవగింజ కంటే చిన్న చుక్క ఒకటి గెంతింది. కళ్లు నులుముకుని చూసింది. దాని పక్కన ఇంకోటి. పళ్లు కూడా తోముకోకుండా బస్సెక్కింది.

కుంట నీళ్లు తేరి ఉన్నాయి. వల లాగి, పడినదాన్ని సీసాలోకి వంచి ఎండకు ఎత్తి పట్టింది. సీసా నిండా చుక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"అవ్వో, గివన్ని పానమున్నయేనా!" అంది చిలుకమ్మ.

సుదర్శన్ సీసాను చాలాసేపు చూశాడు. తర్వాత కట్ట మీద చతికిలబడి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నిద్ర పడ్తలేదు చెల్లె నాకు."

"నాకు గూడ అన్నా," అని స్నేహలత నవ్వేసింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు.

మర్నాడే పిల్లలను వదిలారు. తర్వాతి ఆదివారం పొద్దున్నే సుదర్శన్ మళ్లీ ఫోన్ చేశాడు. "ఒక్కటి గూడ తేలలే. ఒడ్డుకొచ్చి గుంపులు గుంపులుగ తిరుగుతానయ్."

ఆమె ఫోన్ పక్కన పెట్టి, దుప్పటి మీదికి లాక్కుంది. మధ్యాహ్నం దాకా హాయిగా నిద్రపోయింది.