మడతలో ఉన్నవాళ్ళు

ఒక స్క్రూడ్రైవరు, ఒక బల్ల, అన్న బోవాచితో పంచుకున్న గొడుగు నీడ, అంతే కదా మొదట్లో అంత్వి చేతిలో ఉన్నది, ఇప్పుడు కుమాసీ బజార్లో అద్దాల తలుపుల ఫోన్ల కొట్టు, గొడుగు లేదు, అన్నా లేడు, ఒబువాసీలో ఉన్నాడంటారు, సరే, కెంకే అనే మొక్కజొన్న ముద్దలమ్మే మామే సెర్వా ఎదురుగా నిలబడింది, ఫోనుకేమైందమ్మా అంటే ఫోనుకేం నాయనా, టమాలేలో నర్సు చదువుతున్న నా కూతురే నన్ను మరిచిపోయింది, రోజంతా ఒక్క మెసేజీ మోగదు, తెరిచి చూడ్డం కూడా మానేశాను అంటుంది, అంత్వి తెరిచాడు, టపటపా రాలాయి, అమ్మా తిన్నావా, అమ్మా పలకవేం, నిన్నటివి, మొన్నటివి, కూతురు మరవలేదు, ఫోనే చెప్పలేదు, లోపల చోటు చాలనప్పుడు ఎక్కువసేపు ముట్టని యాప్‌ని ముందు చంపేస్తుంది, కదలని సరుకు కొట్టులో ఎందుకన్నట్టు, పైగా ఈవిడ తెరిచిన ప్రతి యాప్‌నీ వేలితో పక్కకి తుడిచేస్తుంది, ఎందుకమ్మా అంటే కొన్నప్పుడు నువ్వే కదయ్యా చెప్పావు, తుడిస్తే ఫోను తేలిగ్గా ఉంటుందని, నిజమే, ఈ వీధిలో అమ్మేవాళ్ళంతా అదే పాఠం అప్పజెపుతారు, తుడిచినదాన్ని మళ్ళీ మొదట్నుంచి లేపడానికయ్యే బ్యాటరీ ఖర్చు ఎవరూ చెప్పరు, చంపకుండా నొక్కి మడిచి ఓ మూల ఉంచే ఏర్పాటు ఫోను లోపలే ఉంది, దానికిచ్చిన చోటు పిసరంత, అది పెంచాడు, మెసేజీల జోలికి పోవద్దని గుర్తు పెట్టాడు, కాస్త నిదానిస్తుందమ్మా, నిదానించనీ, నేనేమన్నా విమానం తోలుతున్నానా, అనేలోపే మోగింది, ఆవిడ మొహం అటు తిప్పుకుంది, కాసేపటికి ఒక కెంకే మూట బల్ల మీద పెట్టి, నీ ఫోను మోగగా నేనెప్పుడూ వినలేదు మాస్టర్, నీకెవరూ లేరా, అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

మోగదు, ఎవరు చేస్తారు, కొట్టు ఇరుకైన రోజుల్లో ఇద్దరికి చాలదని తేలినప్పుడు ముందు బయటికి పోయింది అన్నే, ఏళ్ళుగా ముట్టని సరుకు, పోయినట్టే అనుకున్నాడు, మూట ఆకు విప్పితే పులిసిన పిండి వాసన, ఆవిరి, అన్న మిరపకాయలు నూరేవాడు, పెద్ద ముక్క ఇటు తోసి నాకాకలి లేదురా అనేవాడు, అబద్ధం, వేళ్ళు ఫోను మీద కదులుతున్నాయి, అన్న నంబరు ఫోన్లోంచి తుడిచేసి చాలాకాలం, అయినా వేళ్ళు ఎక్కడా తడబడకుండా చివరి అంకెదాకా నడిచాయి, అటువైపు మోగుతోంది, అంటే అన్నను తను చంపలేదు, మనసులో మడిచి మూల పెట్టాడు, అంతే, బల్ల పోయింది, గొడుగు పోయింది, అన్న మిగిలాడు.