బల్లమీద మూడు గంటలు

ఆ వార్డులో అందరూ ఆవిడను గడియారం సిస్టర్ అంటారు. మందు ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఊరుకునే మనిషి కాదు. అలాంటిది ఈ మధ్యాహ్నం ఆరో మంచం పక్కన టైము మాటే మరిచి నిలబడిపోయింది.

మంచం మీద దర్జీ పని చేసే ఆవిడ. ఒంట్లో రక్తం తక్కువైందని రెండో సంచి ఎక్కించారు. అది అయిన గంటకే ఆయాసం పట్టుకుంది. ఆక్సిజన్ పెట్టినా లేచి కూర్చుని గాలి కోసం కొట్టుకుంటోంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు రెండూ తెల్లగా ఉన్నాయి.

"నీరు ఎక్కువై ఊపిరితిత్తుల్లోకి దిగి ఉండాలి. లేదా ఆ రక్తమే పడక అవి దెబ్బతిని ఉండాలి," అన్నాడు డాక్టరు. "మొదటిదైతే నీరు లాగే ఇంజెక్షన్ ఇవ్వాలి. రెండోదైతే ఆ ఇంజెక్షన్‌తోనే బీపీ పడిపోయి మనిషి దక్కదు. బీపీ చూస్తే ఎటూ తేలడం లేదు." చార్టు తిప్పాడు. "మూడున్నర గంటలు, నెమ్మదిగానే ఎక్కించారు. అయితే నీరు కాదు. ఇంజెక్షన్ వద్దు."

ఆ మూడున్నర గంటలూ సిస్టర్ తన చేత్తో రాసినవే. ఫ్రిజ్‌లోంచి తీసిన సంచి నాలుగు గంటల్లో అయిపోవాలి, లేకపోతే పారెయ్యాలి. పక్క మంచాల గొడవలో పడి మూడు గంటలు దాన్ని బల్లమీదే మరిచిపోయింది. పారేస్తే గడియారం సిస్టర్ పరువేం కాను? గొట్టం బార్లా తెరిచి అరగంటలో ఖాళీ చేసి, చార్టులో మాత్రం టైములు చక్కగా పేర్చింది. "గుండెలమీద బరువుగా ఉంది సిస్టర్, కాస్త మెల్లగా పోనివ్వండి," అని దర్జీ ఆవిడ బతిమాలితే, "కాసేపు ఓర్చుకోలేవూ?" అని కసిరింది కూడా. ఆ తెలివి తగలెయ్య.

ఇప్పుడు నోరు విప్పితే ఇరవై రెండేళ్ల ఉద్యోగం ఊడుతుంది. విప్పకపోతే ఈ మనిషి పోతుంది.

"సార్, ఆ చార్టు అబద్ధం. అరగంటలో ఎక్కించేశాను."

డాక్టరు ఆవిడ మొహంలోకి చూశాడు. తిట్టడానికి కూడా వ్యవధి లేదు.

"ఇంజెక్షన్ ఇచ్చెయ్యండి."

సిస్టర్ ఇచ్చింది. మూత్రం సంచికేసి చూస్తూ కూర్చుంది. పది నిమిషాలకు చుక్క లేదు. పావుగంటకూ లేదు. చచ్చిపోతుంది, నేనే చంపేశాను అనుకుంది. ఆ తర్వాత ధార మొదలైంది. గంటకల్లా ఆయాసం సగానికి తగ్గింది.

అప్పటిదాకా బయటే నిలబెట్టిన మొగుణ్ణి లోపలికి పిలిచారు. భార్య ఊపిరి చూసి సిస్టర్‌కు చేతులు జోడించాడు.

"మీరు దగ్గరుండి చూసుకున్నారు కాబట్టి బతికింది సిస్టరమ్మా."

సిస్టర్ నాడి చూద్దామని చెయ్యి చాపింది. దర్జీ ఆవిడ మాస్కు పైనుంచి సిస్టర్‌నే చూస్తూ, తన చేతిని దుప్పటి కిందికి లాక్కుంది.