ఇప్పచెట్టు కింద తీగ

శబరి నది పొంగి కోంటా బజారు మునిగిందే, ఆ వరద తర్వాతి ఎండాకాలం. మరైగూడలో మా ఇంటికి ఇంటర్నెట్ తీగ వచ్చింది. పేద ఇళ్లకు తీగ తగిలించే డబ్బా ఉచితం. నెలనెలా కట్టేదాంట్లో ఎక్కువ భాగం సర్కారే భరిస్తుంది. అడిగి పెట్టించింది నా కోడలు ఊర్మిల. పట్వారీ పరీక్షకు చదువుతోంది. పాఠాలు ఫోన్లోనే. అంతకుముందు సిగ్నల్ కోసం గుట్ట ఎక్కేది.

తీగ మా పొరుగింటి పొజ్జా వాళ్ల ఇప్పచెట్టు కింద నుంచి వస్తుంది. అక్కడ ఒక స్తంభం తక్కువపడింది. వానల తర్వాత నాటుతామని తీగను నేల మీదే వదిలిపోయారు.

ఇప్పపువ్వు రాలేముందు చెట్టు కింద ఆకులు కాల్చడం మా అలవాటు. నేల నున్నగా ఉంటేనే తెల్లారి పువ్వు కనబడుతుంది. పొజ్జా నిప్పు పెట్టాడు. పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేసరికి సగం ఆకు మిగిలింది, తీగ మిగల్లేదు. పరీక్షకు ఇంకా వారమే ఉంది.

ఊర్మిల ఫోను పట్టుకుని గుట్ట వైపు నడిచింది.

మర్నాడు తోంగ్‌పాల్ నుంచి లైన్ మనిషి దేవేంద్ర వచ్చి తీగ అతికించాడు. ఇంకోసారి కాలితే సబ్సిడీ లైను తీసేస్తారని, అది తన చేతిలో లేదని చెప్పి వెళ్లాడు.

సాయంత్రం పొజ్జా మళ్లీ అగ్గిపెట్టెతో చెట్టు దగ్గరకు వచ్చాడు. వద్దన్నాను. నవ్వాడు.

“ఏంది బావా, నీకు నోరున్నదా? మా తాత నాటి నుంచి పెడుతున్న నిప్పు ఇది. ఈ నడుముతోని ఆకుల్ల పువ్వు ఏరుకోమంటవా?”

“ఏరుకోవద్దు.”

“మరి?”

“ఆకు నేను చూసుకుంట. పువ్వు నువ్వు చూసుకో.”

“పువ్వు రాలినన్ని దినాలా?”

“రాలినన్ని దినాలు.”

పొజ్జా నన్ను ఎగాదిగా చూశాడు. “నీ కోడలు పట్వారీ అయితే ముందుగాల నా పొలమే కొలుస్తది. గట్టును నా దిక్కు జరుపుతదేమో.”

“జరపది. ఉన్నదున్నట్టు కొలుస్తది.”

అగ్గిపెట్టె బొడ్లో దోపుకుని ఇంటికి పోయాడు. మా ఇంట్లో ఊర్మిల ఫోన్లో మాస్టారు లెక్క చెబుతున్నాడు.

మర్నాడు తొలికోడి కూతకు లేచి, చీపురు, గంప తీసుకుని పొజ్జా చెట్టు కిందకు వెళ్లాను. తీగ పక్క నుంచి మొదలుపెట్టి, పువ్వు రాలడం మొదలయ్యేదాకా ఊడ్చాను.