రాగి బిందెల పూల్

మే రెండో ఆదివారం ఉదయం ఏడు గంటలకు అల్వాల్‌లో ఝాన్సీలక్ష్మి జుట్టు ఆకుపచ్చగా ఉంది. మొదట చూసింది తోటపని చేసే పర్వతాలు.

"అమ్మా, జెర ఎండలకు రాండ్రి," అన్నాడు. ఆమె వచ్చింది. "మీ ఎంటికలు పచ్చగైనయ్. గోరింటాకు గిట్ల పెట్టిండ్రా?"

"గోరింటాకు ఎర్రగా పండుతుందయ్యా."

"గదే నేను సుత అనుకుంటున్న."

ఝాన్సీలక్ష్మి లోపలికి వెళ్ళి అద్దంలో చూసుకుంది. ఇన్సూరెన్స్ ఆఫీసులో రిటైరైన రోజే ఆమె రంగు వేసుకోవడం మానేసింది. అప్పట్నుంచీ జుట్టు తెలుపే. ఇప్పుడు చెవుల పక్కన, మెడ మీద చిలుము పట్టినట్టుంది. తోమకుండా వదిలేసిన రాగి చెంబు అడుగున ఉండే రంగు.

అద్దం వదిలేసి నేరుగా పెరట్లోని స్విమ్మింగ్ పూల్ దగ్గరికి నడిచింది. పై మెట్టు మీద పళ్ళెం వెడల్పున నీలం మరక ఉంది.

"ఏమండీ!"

భర్త రామ్మోహనరావు చేతిలో పేపరుతో వచ్చాడు. ముప్పై ఏళ్ళు టైల్స్ వ్యాపారం చేసి, కొట్టు మూసేసిన ఏడాది ఈ పూల్ కట్టించాడు. మరక వైపు చూసి, "నీడ," అన్నాడు.

"నేను జరిగాను. నీడ జరగలేదు. నా జుట్టు మీద కూడా నీడేనా?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆమె తల వైపు చూశాడు. 

పూల్‌తో ఆమెకు పని పడింది మోకాళ్ళ వల్ల. మార్చిలో డాక్టరు ఎక్స్‌రే చూసి, నడుము లోతు నీళ్ళలో రోజూ అరగంట నడవమన్నాడు. జూన్‌లో మళ్ళీ చూస్తానని, అప్పటికి వంగడం మెరుగుపడకపోతే ఆపరేషన్‌కు తేదీ వేస్తానని అన్నాడు. ఆమె అక్క నాగజ్యోతి ఆ ఆపరేషన్ చేయించుకుని రెండేళ్ళయింది. ఇంకా చేతికర్ర వదల్లేదు. అందుకే ఝాన్సీలక్ష్మి ఒక్క ఉదయం కూడా మానకుండా నీళ్ళలో నడుస్తోంది.

ఆ నీళ్ళలో క్రిములు చేరకుండా ఏం వెయ్యాలన్నది ఇంట్లో తెగని పంచాయితీ. క్లోరిన్ అంటే రామ్మోహనరావుకు గిట్టదు. రైలు బోగీ కడిగినట్టు వాసనంటాడు. ఉప్పు మిషన్ పెట్టుకోమని ఒకడు వచ్చాడు. ఉప్పులోంచి తీసేదీ క్లోరినే అని తెలిసి ఆయన వాణ్ణి పంపించేశాడు. తర్వాత ఇంకొకడు రాగి మిషన్ తెచ్చాడు. అది నీళ్ళలోకి రాగిని వదులుతుందని, దాంతో నాచు పట్టదని, క్లోరిన్ కాస్త వేస్తే సరిపోతుందని చెప్పాడు. రామ్మోహనరావు క్లోరిన్ మాట వదిలేసి రాగి మాట పట్టుకున్నాడు.

"మా అమ్మ బతికినన్నాళ్ళూ రాగి చెంబులో నీళ్ళే తాగింది. ఒక్క రోజు కడుపు నొప్పి అనలేదు. అటక మీద రాగంతా పెట్టుకుని మిషన్ కొంటానా?" అన్నాడు.

అటక మీది బిందెలన్నీ దిగాయి. వాటి మీద అత్తగారి పేరు చెక్కించి ఉంది. ఆయన వాటికి నైలాన్ తాళ్ళు కట్టి పూల్ నిచ్చెనకు వేలాడదీశాడు. పళ్ళేలు అడుగున పరిచాడు. నడిచేటప్పుడు బిందె తగిలి ఝాన్సీలక్ష్మి కాలి ఎముక మీద రెండుసార్లు దెబ్బ తగిలింది. "మీ అమ్మగారు ఇప్పటికీ నన్ను తంతూనే ఉన్నారు," అంది.

ఇప్పుడు ఆమె మరక దగ్గర నిలబడే ఫోన్ తీసింది. బోయిగూడలో పూల్ సామాన్లు అమ్మే ఎమిలీ చర్చి అయ్యాక వస్తానంది.

ఎమిలీ మధ్యాహ్నం వచ్చింది. గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, చుక్కలు వేసి, రంగు చూసింది. నిచ్చెనకు వేలాడుతున్న బిందెల వైపు చూసింది. నవ్వు ఆపుకోవడానికి దగ్గింది.

"అంకుల్, ఇందులో రాగి చాలా కరిగింది. ఆంటీ తెల్లజుట్టుకు పట్టింది అదే. కానీ బిందెలు ఊరికే ఇంత కరగవు. నీళ్ళు పుల్లగా ఉన్నాయి. క్లోరిన్ బిళ్ళలు ఎవరు వేస్తున్నారు?"

"మా ఇంట్లో బిళ్ళల్లేవమ్మా. రాగి ఒక్కటే," అన్నాడు రామ్మోహనరావు.

ఝాన్సీలక్ష్మి పూలకుండీ వైపు చూస్తోంది.

"ఆంటీ?"

"రోజుకొకటి," అంది ఝాన్సీలక్ష్మి. "నీళ్ళు లాగే జాలీ బుట్టలో. ఉత్త రాగిని నమ్ముకుని ఆ నీళ్ళలో ఎలా దిగమంటావు?"

"ఎక్కడ దాచావు?" అన్నాడు భర్త.

"బియ్యం డబ్బా వెనక. మీరు ఆ వైపు వస్తే గదా."

"అంటే రెండు నెలలుగా నేను వద్దన్న క్లోరిన్‌లోనే..."

"మీరు వేలాడదీసిన రాగిలోనే."

"ఇద్దరూ ఒక్క నిమిషం పరేషాన్ కాకండి," అంది ఎమిలీ. "ఆ బిళ్ళలు పులుపు. పులుపు రాగిని తింటుంది. బిళ్ళలొక్కటే వేసినా, బిందెలొక్కటే ఉన్నా ఇంత కాదు. సరే, మరక మెట్టు మీదే ఎందుకుంది? నిన్న ఇంకేమన్నా వేశారా?"

ఈసారి రామ్మోహనరావు పూలకుండీ వైపు చూశాడు. "మీ ఆంటీ కళ్ళు మండుతున్నాయంటే చాకలి సోడా వేశాను. కొంచెమే."

"ఎక్కడ నిలబడి?"

"మెట్టు దగ్గర."

"పోసిన చోట పులుపు విరిగింది. కరిగిన రాగి అక్కడే దిగింది. అంతే."

ఝాన్సీలక్ష్మి కుర్చీలో కూర్చుంది. "నేను రేపు నడవొచ్చా?"

"వద్దాంటీ. సగం నీళ్ళు తీసేసి మంచినీళ్ళు పట్టాలి. లోహాన్ని పట్టి ఉంచే మందు పోయాలి. తర్వాత సాయంత్రం పూట ద్రవం క్లోరిన్. వేసినప్పుడల్లా ఇలాంటి గాజు గొట్టంలో పులుపు చూసుకోవాలి."

"మా బోరు ఉంది. రాత్రికల్లా నింపేస్తాను," అన్నాడు రామ్మోహనరావు.

ఎమిలీ బోరు నీళ్ళు ఒక బకెట్ తెప్పించి మూతెడు క్లోరిన్ పోసింది. ముగ్గురూ చూస్తుండగానే నీళ్ళు టీ రంగుకు తిరిగాయి.

"ఇనుము," అంది ఎమిలీ. "ఇవి పడితే నీలం మరక పక్కన తుప్పు మరక వస్తుంది. ఎక్కడి నీళ్ళు తెచ్చినా ముందు బకెట్లో చూడండి. ట్యాంకర్ చెప్పుకోండి."

ఆమె వెళ్ళాక రామ్మోహనరావు వంటింట్లోకి వెళ్ళి చింతపండు డబ్బా పట్టుకొచ్చాడు.

"బిందె చిలుము దీంతోనే పోతుంది గదా. పూల్‌లో వేస్తే..."

"వెయ్యండి," అంది ఝాన్సీలక్ష్మి. "మునక్కాడలు నేను తరుగుతాను. వీధంతటికీ పులుసు పోద్దాం."

"సలహా చెప్పినా తప్పేనా?"

"మీ సలహాలతో నా నెత్తి పచ్చబడింది. ఇంక చాలు. బిందెలు తియ్యండి. నీళ్ళు మెట్టు కిందికి దిగాక చింతపండుతో మెట్టు మీద మటుకు రుద్దండి. పూల్‌లో ఏం వెయ్యాలో ఇకనుంచి నేను చూస్తాను. మీరు ఒక్క చిటికెడు వేసినా నేను కాప్రా వెళ్ళి అక్క వాళ్ళ అపార్ట్‌మెంట్ పూల్‌లో నడుస్తాను. మోకాళ్ళు నావి."

"వాళ్ళ పూల్‌లో ఏం వేస్తారో నీకు తెలుసా?"

"బిందెలు వెయ్యరు."

ఆయన బిందెలు విప్పాడు. సోమవారం సగం నీళ్ళు దిగాయి. ట్యాంకర్ వాళ్ళు రేపు, ఎల్లుండి అన్నారు. అల్వాల్‌లో మే నెలలో స్నానానికే నీళ్ళు కరువు, ఈతకు అడిగితే అవతలివాడు ఫోన్ పెట్టేశాడు. బుధవారానికి ఝాన్సీలక్ష్మి ఎడమ మోకాలు వాచింది. మెట్లు దిగడానికి గోడ పట్టుకుంది. రామ్మోహనరావు అది చూశాడు. చొక్కా వేసుకుని ట్యాంకర్లు నింపే చోటికి తనే వెళ్ళాడు. సాయంత్రం ట్యాంకర్ ముందు సీట్లో డ్రైవర్ పక్కన కూర్చుని వచ్చాడు.

గొట్టం విప్పబోతుంటే ఝాన్సీలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టింది.

"బకెట్."

"అమ్మా, మంచినీళ్ళేనమ్మా. నాకింకా రెండు గిరాకీలున్నయ్," అన్నాడు డ్రైవర్.

"బకెట్ పట్టు తమ్ముడూ," అన్నాడు రామ్మోహనరావు. "ఆవిడ వినదు."

మూతెడు క్లోరిన్ పోసినా బకెట్లో నీళ్ళు తెల్లగానే ఉన్నాయి. గొట్టం విప్పారు.

అంతకుముందే ఆయన ఒక పూటంతా మెట్టు మీద కూర్చుని చింతపండుతో రుద్దాడు. మరక చాలావరకు పోయింది. అంచున సన్నటి గీత మిగిలింది. ఆమె విటమిన్ సి బిళ్ళలు నలిపి తలకు పట్టించుకుంది. రెండు తలస్నానాలకు జుట్టు తెల్లబడింది. చెవి వెనక ఒక పాయ మటుకు మొండికేసింది. దాన్ని కత్తిరించింది.

శనివారం ఉదయం గాజు గొట్టంలో పులుపు చూసుకుని నీళ్ళలోకి దిగింది. ఆయన గట్టు మీద నిలబడి, "ఎలా ఉంది?" అని అడిగాడు.

"దేనికీ తగలకుండా నడుస్తున్నాను," అంది.

జూన్ మొదటి మంగళవారం డాక్టరు రెండు మోకాళ్ళూ వంచి చూశాడు. మధ్యలో వారం నడవలేదని ఆమె చెబితే, ఎందుకని అడిగాడు. ఇద్దరూ గోడ మీది క్యాలెండర్ వైపు చూశారు. ఆయన ఆపరేషన్‌కు తేదీ వెయ్యలేదు. సెప్టెంబర్‌లో మళ్ళీ రమ్మన్నాడు.