పిక్కలో తెల్లటి గీత

అక్క సిటీ బస్సు నడుపుతుంది. తమ్ముడు గోడలకు రంగులేస్తాడు. మూడేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఎక్కడ కలిసినా ఎడమొహం పెడమొహమే. అలాంటిది ఒక మధ్యాహ్నం ఇద్దరూ పక్కపక్క బల్లల మీద, పిక్కలకు చల్లటి జెల్ పూయించుకుని, బోర్లా పడుకున్నారు.

ఇదంతా తమ్ముడి భార్య చేసిన పని. ఆవిడ ఆ ప్రయోగశాలలో గుమాస్తా. పిక్క కండరాన్ని సాగదీస్తే దాని బలం ఆడవాళ్ళలో ఎలా మారుతుంది, మగవాళ్ళలో ఎలా మారుతుంది అని అక్కడి డాక్టరమ్మ పరిశోధిస్తోంది. అక్కాతమ్ముళ్ళ జంటలు కావాలనగానే ఈవిడ రెండు పేర్లూ రాసేసింది. పక్క బల్ల మీద ఎవరుంటారో మాత్రం ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు.

కిటికీలకు నీలం తెరలు. గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. పాదాలను ఇనప పలకలకు పట్టీలతో కట్టారు కాబట్టి లేచిపోయే దారి లేదు.

"ఈ ఏటవాలు గీతలన్నీ కండరపు పోగులు," అంది డాక్టరమ్మ, స్క్రీన్ చూపిస్తూ. "ఈకలో పీచుల్లా ఉంటాయి. కాలి మునివేళ్ళతో పలకను నొక్కండి... చూశారా, ఇంకా నిక్కుతున్నాయి. తమ్ముడివి దళసరిగా, నిటారుగా ఉన్నాయి. అక్కవి కాస్త వాలి ఉన్నాయి."

పలకలు కదిలాయి. పాదాలు మెల్లగా, మెల్లగా మోకాళ్ళ వైపు వంగాయి. మొదట సలుపు, తర్వాత వెచ్చదనం. తమ్ముడికి కళ్ళు మూతలు పడ్డాయి. ఒళ్ళు దూదిలా తేలిపోతోంది. స్క్రీన్ మీద పోగులు గాలికి వాలిన వానలా జారుతున్నాయి. ఆ వానలో ఎక్కడో అక్క చెయ్యి పట్టుకుని నడుస్తున్నట్టనిపించింది.

"ఇక్కడ తెల్లటి గీతుందే! ఎప్పుడైనా కండరం చిరిగిందా?" డాక్టరమ్మ అడిగింది.

"బస్సు వెనక పరిగెత్తి పడ్డాను," అన్నాడు మగతగానే.

అక్క తల తిప్పి ఆ గీతను చూసింది. వెంట్రుకంత ఉంది.

"ఒరేయ్," అంది. "ఆ రోజు నిన్ను అద్దంలో చూశాను రా. చూసి కూడా బస్సు ఆపలేదు."

"తెలుసు."

"చూడలేదని ఒట్టేశానుగా!"

"అదే మింగుడుపడలేదక్కా. పడ్డందుకు కాదు. చూశానని అప్పుడే చెప్పుంటే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాణ్ణి."

"ముందురోజు నలుగురిలో ఏమన్నావు? మా అక్క బస్సెక్కితే ముందు వీలునామా రాయాలి అన్నావు. ఎంత ఏడ్చానో తెలుసా?"

"అనకూడని మాటే. తప్పు నాదే," అన్నాడు తమ్ముడు.

అక్క కళ్ళు తుడుచుకోబోయింది.

"కదలకండి, కదలకండి! లెక్కలు పాడవుతాయి," అంది డాక్టరమ్మ. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. లెక్కలు నిజంగానే పాడయ్యాయి. మళ్ళీ మొదట్నుంచీ సాగదీయాల్సి వచ్చింది.

తర్వాత బలంకొద్దీ పలకను తొక్కమన్నారు. తమ్ముడి బలం సాగదీయకముందు కొలిచినదానికన్నా కాస్త తగ్గింది. అక్కది దాదాపు అలాగే ఉంది.

"చిన్నప్పుడు తన్నులు తప్పించుకోడానికి చూపించిన పిక్కబలం ఏమైందిరా?" అంది అక్క.

"ఇది మీ ఇద్దరి సంగతే," అంది డాక్టరమ్మ నవ్వుతూ. "అందరిలోనూ ఇంతేనని చెప్పాలంటే ఇంకా ఎంతోమందిని చూడాలి. ఆరు వారాలు ఇంట్లో గోడకు కాలి వేళ్ళు ఆనించి సాగదీసి, మళ్ళీ రండి."

మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. తన వంటగది గోడ దగ్గర ఆవిడ, తన వసారా గోడ దగ్గర అతను. ఇద్దరూ వేళ్ళు ఆనించి ముందుకు వంగారు. ఫోన్‌లో ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. బయట ఎండ నెమ్మదిగా గోడెక్కుతోంది.

"ఎంతసేపైందిరా?"

"లెక్కపెట్టడం మరిచిపోయానక్కా."

"పోన్లే. ఇంకాసేపు ఉందాం."